అంగన్‌వాడీ బాగుందా లేదా అన్నది దేన్ని చూసి చెప్పాలి?

సెక్టార్ సూపర్‌వైజర్ (నల్లగొండ వైపు)

అందరికీ నమస్కారం. 14 ఏళ్లుగా ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకంలో, సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నా కింద పాతిక దాకా సెంటర్లున్నాయి. నెలనెలా విజిట్ రిపోర్టులు పెడుతూనే ఉన్నాను గానీ ఈ మధ్య ఒక విషయం మనసులో పడి తొలుస్తోంది.

పోయిన నెల ఒకే రోజు రెండు సెంటర్లు చూశాను. మొదటిది సొంత బిల్డింగ్. గోడలకు కొత్త రంగులు, ఏనుగు, చిలుక బొమ్మలు, బాత్రూమ్‌లో నీళ్లు, రిజిస్టర్లన్నీ ఆ రోజు తేదీ వరకు రాసి ఉన్నాయి. గుడ్ల లెక్క, పప్పు స్టాక్ ఇసుమంత తేడా లేదు. రెండోది కిరాయి గది. పక్కనే బర్రెల కొట్టం. హాజరు రిజిస్టర్ రెండు రోజులు వెనకబడింది. మా ఫార్మాట్ ప్రకారం మొదటిదానికి మంచి మార్కులు, రెండోదానికి మెమో.

కానీ మొదటి సెంటర్లో నేనున్న గంటసేపూ 18 మంది పిల్లలు చాప మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆట సామాన్ల పెట్టె బీరువా మీద ఉంది, దానికి చుట్టిన ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. "పాడైతే మళ్లా నేనే జవాబు చెప్పాలి మేడమ్" అన్నది టీచర్.

రెండో సెంటర్లో నన్నెవరూ పట్టించుకోలేదు. ఒక పిల్ల చింతపిక్కలు గుట్టలుగా పెడుతున్నది. టీచర్ పక్కన గొంతుక్కూర్చుని "ఇదొక్కటి ఎందుకు వేరే పెట్టినవ్ బిడ్డా?" అని అడిగింది. "దీనికి చెవు లేదు" అన్నది పిల్ల. చూస్తే నిజమే, ఆ పిక్క ఒక అంచు విరిగి ఉంది. "మరి దీన్ని ఎవరింట్ల ఉంచుదాం?" అని టీచర్ మళ్లీ అడిగింది. ఆ ముచ్చట పది నిమిషాలు నడిచింది. నా ఫార్మాట్‌లో ఆ పది నిమిషాలు రాయడానికి గడి లేదు.

రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేల పైచిలుకు అంగన్‌వాడీలున్నాయి. మనం వాటిలో ఏం కొలుస్తున్నాం? ఏం కొలవాలి? ఈ పనిలో ఉన్నవాళ్లు, పిల్లల్ని పంపేవాళ్లు, చదువుకున్నవాళ్లు చెప్పండి.

17 ఏళ్ల టీచరమ్మ (ప్రకాశం జిల్లా)

మేడమ్, ఒక సూపర్‌వైజర్ ఈ ప్రశ్న అడగడం నేను ఇదే చూడటం. మీకు దండం.

ఆ పెట్టె బీరువా మీద ఎందుకుందో నాకు తెలుసు. మా సెంటర్లో కూడా నాలుగేళ్లు అట్టాగే ఉంది. ఒక బొమ్మ చెయ్యి ఊడితే సంజాయిషీ రాసిచ్చాను. సామాను అరిగిపోతే, పిల్లలు ఆడారు గదా అని సంతోషపడే అధికారి నాకింకా తగల్లేదు. ఆ టీచర్‌ని తప్పు పట్టకండి.

ఇక మీరు కొలిచే రోజు సంగతి. జీపు చప్పుడు వినపడగానే పిల్లలు లేచి నిలబడి ఇంగ్లీషు రైమ్ ఎత్తుకుంటారు. నేర్పింది నేనే. వచ్చినవాళ్లు నవ్వి, ఫోటో తీసుకుని, "పిల్లలు యాక్టివ్‌గా ఉన్నారు" అని రాసి వెళ్తారు. ఆ రైమ్‌లో ఒక్క మాటకి కూడా మా పిల్లలకి అర్థం తెలియదు. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది.

నా రోజు ఎట్లా గడుస్తుందో కూడా చెబుతాను. పొద్దున్నే పిల్లల్ని పిలుచుకురావాలి. వచ్చాక ఫోన్‌లో హాజరు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. సిగ్నల్ అందకపోతే ఏడో నెల గర్భిణిని వాకిట్లో నిలబెట్టి ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ ఉంటాను. ఆ తర్వాత బరువులు, ఎత్తులు, ఇళ్ల సందర్శన, ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితా. ఆయమ్మ సెలవు పెడితే వంట కూడా నాదే. పిల్లల చదువుకి నిజంగా మిగిలేది ముప్పావు గంట. నాణ్యత కొలిచేటప్పుడు ఆ ముప్పావు గంటని కూడా ఎవరైనా లెక్కపెట్టాలి.

పాప వాళ్ల నాన్న (మియాపూర్)

నేను అంగన్‌వాడీకి పంపే తండ్రిని కాదు, ప్లేస్కూల్‌కి డబ్బు కట్టే తండ్రిని. కానీ నా అయోమయం కూడా ఇదే.

పాపకి మూడున్నర ఏళ్లు. ఐదు ప్లేస్కూళ్లు తిరిగాం. ప్రతిచోటా చూపించినవి ఏసీ, సీసీ కెమెరాలు, మెత్తటి రబ్బరు నేల, వార్షికోత్సవం వీడియో. "మీ టీచర్లు ఎన్నాళ్లుగా పని చేస్తున్నారు?" అని అడిగితే ఒక్కచోట కూడా సూటిగా చెప్పలేదు. చివరికి ఇంటికి దగ్గరగా ఉందని ఒకదాంట్లో వేశాం. మూడు నెలలకే నాలుగు గీతల నోటుబుక్కు ఇచ్చి నిలువు గీతలు, అడ్డ గీతలు, ఆపైన ఏబీసీలు మొదలుపెట్టారు. పాప ఇప్పుడు పెన్సిల్ కనపడితే చెయ్యి వెనక్కి దాచుకుంటుంది. నా కూతురు చెయ్యి దాచుకోవడం చూసిన రోజు నేను ఆఫీసుకి వెళ్లలేకపోయాను.

ఒక ప్రశ్న. ఇవన్నీ ఎందుకు, ఏడాది చివర పిల్లలకే చిన్న పరీక్ష పెట్టి, ఎవరి పిల్లలకి ఎక్కువ వచ్చో చూసి కేంద్రానికి ర్యాంకు ఇస్తే సరిపోదా?

కేరీ నుంచి (నార్త్ కరోలినా, అమెరికా)

నేనిక్కడ ఒక చైల్డ్‌కేర్‌లో అసిస్టెంట్ టీచర్‌ని. ఆరేళ్లయింది. ఊళ్లో తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం గానీ ఈ పనిలో తక్కువ.

ఇక్కడ కేంద్రాలకి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇచ్చే పద్ధతి 1999లో మొదలైంది. దానికి వాడుతూ వచ్చిన కొలమానాల్లో ముఖ్యమైనది ఈసీఈఆర్‌ఎస్ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎన్విరాన్‌మెంట్ రేటింగ్ స్కేల్). మాకు దగ్గర్లోనే ఉన్న చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో తయారుచేశారు. 2014లో మూడో రూపం వచ్చింది. అందులో 35 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కులు: 1 అంటే చాలదు, 3 అంటే కనీసం, 5 అంటే బాగుంది, 7 అంటే చాలా బాగుంది.

ఆ మార్కులు వేయడానికి మా గదికి వచ్చినావిడ మూడు గంటలు కూర్చుంది. ఒక మూల చిన్న కుర్చీ. నవ్వలేదు, మాట్లాడలేదు, ఫైలు అడగలేదు. ఆవిడ చూపు ఎటు పోతోందో ఓరకంట గమనించాను. బిల్డింగ్ బ్లాకులు పిల్లలు తమంతట తాము తీసుకోగలిగే ఎత్తులో ఉన్నాయా? గోడ మీద బొమ్మలు పిల్లల కంటికి అందుతున్నాయా, లేక పెద్దవాళ్ల కంటికా? పాప ఏదైనా చూపిస్తే టీచర్ ఏమంటోంది? చేతులు కడిగారా, ఎంతసేపు, సబ్బుతోనా? మాకు చేతుల దగ్గరే మార్కులు పోయాయి. డైపర్ మార్చాక చేతులు కడిగే సింకులోనే పండ్లు కూడా కడిగాం. అప్పట్లో చాలా ఉక్రోషం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ రాసింది సబబే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. తనిఖీ వస్తోందంటే ఇక్కడా నాటకం ఉంటుంది. పక్క గది నుంచి బొమ్మలు అరువు తెచ్చి సర్దిన కేంద్రాలు నాకు తెలుసు. టీచరమ్మా, మీ రైమ్ గురించి మీరు బాధపడొద్దు.

క్షేత్ర పరిశీలకుడు

పదేళ్లు పూర్వ ప్రాథమిక విద్య సర్వేల్లో ఊళ్లు తిరిగినవాణ్ణి. మియాపూర్ అన్న ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ర్యాంకు మాట వింటేనే నాకు భయం.

నాలుగేళ్ల పిల్లవాడు సోమవారం పది అంకెలు చెబుతాడు, మంగళవారం జలుబు చేస్తే నోరు విప్పడు. ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ సంస్థ కలిసి 2011 నుంచి అస్సాం, రాజస్థాన్, తెలంగాణ గ్రామాల్లో 14 వేల మంది పిల్లల్ని నాలుగో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా వెంబడించి చూశారు. పిల్లలు మనం గీసిన గీత మీద నడవలేదు. అంగన్‌వాడీ నుంచి ప్రైవేటుకి, అక్కడి నుంచి బడికి, మళ్లీ అంగన్‌వాడీకి మారారు. ఐదేళ్లకి బడికి సిద్ధంగా ఉండాల్సిన స్థాయికి ఎక్కువమంది చాలా దూరంలో ఉన్నారు. ప్రైవేటులో ఒకటో తరగతిని కిందికి లాగి పెట్టారు, అంగన్‌వాడీలో చదువు చెప్పే సమయమే తక్కువ. రెండింటిలోనూ ఆ వయసుకి తగిన పని జరగలేదు. ఇలాంటి చోట పిల్లల మార్కులతో కేంద్రానికి ర్యాంకు ఇస్తే, చదువుకున్న తల్లులున్న వీధికి మొదటి ర్యాంకు, కూలికి పోయే తల్లులున్న తండాకి చివరి ర్యాంకు వస్తాయి. టీచర్ చేసిన పని ఆ అంకెలో కనపడదు.

నేను రెండు ప్రశ్నలు వేరుచేసి చూస్తాను. ఒకటి: ఇక్కడ ఏముంది? రెండు: ఇక్కడ ఏం జరుగుతోంది? మొదటిదానికి మన దగ్గర ప్రమాణాలున్నాయి. చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద వచ్చిన 2013 జాతీయ విధానం 30 మంది పిల్లలకి కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట 30 చదరపు మీటర్ల జాగా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి చూసుకునే పెద్దవాళ్లు ఒకరు ఉండాలంది. ఇవి కావాలి, వద్దనను. కానీ 2013లోనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, టీచర్ చదువు, తరగతి సైజు లాంటివన్నీ కలిపి వేసిన రేటింగులు పిల్లలు ఎంత నేర్చుకుంటారో చెప్పలేకపోయాయని తేల్చింది. టీచరుకీ పిల్లలకీ మధ్య నడిచే మాట, ఓపిక, స్పందన మాత్రం చెప్పగలిగాయి. చింతపిక్కకి చెవు లేదన్న పిల్లతో ఆ టీచర్ మాట్లాడింది చూడండి, అదే.

మన దేశంలో కూడా దీన్ని కొలిచే పనిముట్లు చేశారు. పూర్వ ప్రాథమిక విద్య నిపుణురాలు మీనా స్వామినాథన్ గారు పనిచేసిన చెన్నైలోని స్వామినాథన్ పరిశోధనా సంస్థ, ఈసీఈఆర్‌ఎస్‌ని తమిళనాడు పరిస్థితులకి తగ్గట్టు మార్చింది. మన కేంద్రాల్లో కుర్చీలుండవు, చాపలుంటాయి. దుకాణంలో కొన్న బ్లాకులుండవు, గవ్వలు, పిక్కలుంటాయి. అవి లెక్కలోకి రావాలి గదా.

టీచరమ్మ ముప్పావు గంట గురించి కూడా తమిళనాడులోనే జవాబు దొరికింది. 640 అంగన్‌వాడీల్లో లాటరీ పద్ధతిలో 320 ఎంచి, పిల్లల చదువు కోసమే అరపూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. అసలు టీచర్‌కి చెయ్యి ఖాళీ కావడంతో తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గింది. అంటే టీచర్ మంచిదా కాదా అని అడిగేముందు, ఆమెకి రెండు చేతులే ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి.

17 ఏళ్ల టీచరమ్మ

రెండు చేతులే అన్నారు చూడండి, అది చదివి కళ్లనీళ్లు తిరిగాయి సార్.

చిన్న స్కూలు నడిపే మనిషి (పశ్చిమ గోదావరి)

ప్రైవేటువాళ్లని అందరూ తిడుతున్నారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి. మాది చిన్న స్కూలు. నర్సరీ, ఎల్‌కేజీలకి రాత తీసేసి ఆట, కథ, మట్టి బొమ్మలు పెట్టాను. జాతీయ పాఠ్య ప్రణాళిక 2022లో పునాది దశ గురించి చెప్పింది కూడా అదే. ఆ ఏడాది దసరాలోపు 11 మంది పిల్లల్ని మాన్పించి, వీధి చివరి స్కూల్లో వేశారు. "మా వాడి నోటుబుక్కులో ఏమీ లేదండి" అన్నారు. నోటుబుక్కు నిండితేనే తల్లిదండ్రులకి చదువు. అంటే నాణ్యత కొలిచేది వాళ్లే, వాళ్ల కొలబద్ద ఆ నోటుబుక్కు. జీతాలు ఇవ్వాలి కాబట్టి రాత మళ్లీ పెట్టాను. మనసొప్పి కాదు.

పాప వాళ్ల నాన్న

మీ మాట నాకు గుచ్చుకుంది సార్. మొదటి నెలలో మా పాప పుస్తకం ఖాళీగా ఉందని ఫోన్ చేసి అడిగింది నేనే.

ర్యాంకు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నాలాంటివాడు స్కూలుకి వెళ్లినప్పుడు ఏం చూడాలో ఒక్కటి చెప్పండి. మూడు గంటలు కూర్చోనివ్వరు గదా.

కేరీ నుంచి

ఏడుస్తున్న పిల్ల దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో, ఏ మొహంతో వెళ్తారో చూడండి. పిల్లల్ని దింపే వేళకి వెళ్లండి. పొద్దున పావుగంట చాలు, కనీసం ఇద్దరు ఏడుస్తూనే ఉంటారు.

ఇంకొకటి: గోడ మీద ఒకే ఆపిల్ బొమ్మ 20 కాపీలు, అన్నింటికీ గీత దాటని ఎర్ర రంగు ఉంటే, అది టీచర్ వేసినట్టు. వంకరటింకరగా ఉంటే పిల్లలు వేసినట్టు.

ఏజెన్సీ టీచర్ (భద్రాద్రి జిల్లా)

మీరంతా టీచర్ మాట అంటున్నారు. ఏ భాషలో మాట అన్నది ఎవరూ అడగలేదు.

మా సెంటర్లో పిల్లలు కోయ మాట్లాడతారు. నేను తెలుగుదాన్ని, కొత్తగూడెంలో పెరిగాను. చేరిన కొత్తలో ఒక బాబు నా కొంగు పట్టుకుని "ఏర్, ఏర్" అన్నాడు. ఏరు అంటే వాగు గదా, వాగు దగ్గరికి తీసుకెళ్లమంటున్నాడనుకుని "వద్దు, లోతుంటది" అని గద్దించాను. వాడు మళ్లీ అడగలేదు. మధ్యాహ్నం ఆయమ్మ వచ్చి చెప్పింది, కోయలో ఏర్ అంటే నీళ్లని. మూడేళ్ల పిల్లవాడు ఎండాకాలంలో రెండు గంటలు దాహంతో కూర్చున్నాడు, నేను పక్కనే ఉన్నాను.

ఆ రోజు ఎవరైనా తనిఖీకి వచ్చి ఉంటే నాకు మంచి మార్కులే పడేవి. గది ఊడ్చి ఉంది, చార్టులున్నాయి, పిల్లలు నిశ్శబ్దంగా ఉన్నారు. నిశ్శబ్దాన్ని మన వాళ్లు క్రమశిక్షణ అని రాస్తారు. ఇప్పుడు నాకు కోయ మాటలు మూడొందల దాకా వచ్చు. కథ ముందు ఆయమ్మ కోయలో చెబుతుంది, తర్వాత నేను తెలుగులో చెబుతాను. చూడటానికి వచ్చేవాళ్లకి కోయ రాకపోతే మా ఆయమ్మ చేసే పని వాళ్లకి ఎట్లా కనపడుతుంది?

క్షేత్ర పరిశీలకుడు

మీరు చెప్పింది నా పదేళ్ల ఫారాల్లో లేదు. భాష అన్న చోట "మాతృభాష: అవును / కాదు" అని టిక్కు పెట్టి వచ్చేశాను. అలాంటి ఊళ్లలో కూడా పెట్టాను.

సెక్టార్ సూపర్‌వైజర్

పన్నెండు రోజులైంది. మీ అందరి మాటలు చదివి ఒక పని చేశాను.

ఆరు సెంటర్లకి ముందు చెప్పకుండా వెళ్లాను, జీపు ఊరి బయట ఆపి నడిచి. రిజిస్టర్లు చివరికి పెట్టుకున్నాను. ఒక్కో చోట ఒక్క పిల్లనో, పిల్లవాడినో ఎంచుకుని, ఆ బిడ్డ ఎత్తుకి నేల మీద కూర్చుని 40 నిమిషాలు ఆ బిడ్డతో ఎవరు ఏమన్నారో మాట మాట రాసుకున్నాను. తలుపు దగ్గర ఉన్న పిల్లని, లేదా నా కంటికి మొదట ఆనని పిల్లని ఎంచుకున్నాను.

రంగుల బిల్డింగ్ సెంటర్లో ఆ బాబుకి 40 నిమిషాల్లో తొమ్మిది మాటలు దక్కాయి. తొమ్మిదీ ఆజ్ఞలే: కూర్చో, కదలకు, చెయ్యి కట్టు, అటు చూడు.

ఇప్పుడు చింతపిక్కల సెంటర్. నాకు చాలా నమ్మకం ఉండె. అక్కడ గడప దగ్గర కూర్చునే ఒక పిల్లవాడిని ఎంచుకున్నాను. 40 నిమిషాల్లో వాడితో ఒక్కరూ మాట్లాడలేదు. ఆయమ్మ వచ్చి గుడ్డు చేతిలో పెట్టి పోయింది, అంతే. ఆ రోజు నేను మురిసిపోయిన పిల్ల, అడగకుండానే మాట్లాడే పిల్ల. టీచర్ మాటలన్నీ అటువైపు ఉన్న నలుగురైదుగురికే పోతున్నాయి. చేతులు కడిగింది కూడా ఒకే బకెట్‌లో, పన్నెండు మంది ముంచి తీశారు. కేరీ అక్క రాసింది గుర్తొచ్చింది.

రాసుకున్న కాగితం టీచర్‌కే చూపించాను. మెమో అనుకుని బెదిరింది. "మీకోసమే రాసిన, పైకి పంపను" అన్నాక చదివింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వాడు ఏడ్వడు మేడమ్, అందుకే నాకు గుర్తుండడు" అన్నది. మరుసటి రోజు నుంచి పొద్దున వాడినే ముందు పలకరిస్తున్నానని ఫోన్ చేసి చెప్పింది.

మొదటి సెంటర్‌కి మళ్లీ వెళ్లాను. పెట్టె దించమంటే టీచర్ భయపడింది. విజిట్ బుక్ తీసుకుని రాశాను: "ఆట సామాను పిల్లలు వాడగా అరిగినా, విరిగినా టీచర్ బాధ్యత కాదు. పెట్టె విప్పని పక్షంలో మాత్రమే సంజాయిషీ అడగబడును." సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కూడా వేశాను.

ఆ 40 నిమిషాల కాగితానికి పై ఆఫీసులో ఏ విలువా లేదు, ఏ యాప్‌లోనూ అది ఎక్కదు. పాతిక సెంటర్లకి నెలలో ఒక్కసారి చొప్పున చేయాలన్నా నాకున్న రోజులు చాలవు. నెలకి ఎనిమిది చేయగలనేమో. ఆ ఎనిమిదీ చేస్తాను.

17 ఏళ్ల టీచరమ్మ

మేడమ్, ఆ విజిట్ బుక్ పేజీ ఫోటో తీసి పెట్టండి. మా సూపర్‌వైజర్‌కి చూపించి నా పుస్తకంలో కూడా రాయించుకుంటాను.

ఏజెన్సీ టీచర్

నాకు కూడా కావాలి. పిల్లని ఎంచుకునేటప్పుడు ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లని ఒకసారైనా ఎంచుకోండి మేడమ్. మీ వైపు లంబాడా తండాలుంటాయి గదా, పక్కన గోర్‌బోలి వచ్చిన ఆయమ్మని కూర్చోబెట్టుకోండి.

సెక్టార్ సూపర్‌వైజర్

ఫోటో పెట్టాను. వచ్చే వారం రెండు తండా సెంటర్లున్నాయి, మీరన్నట్టే చేస్తాను.

నిన్న సాయంత్రం ఆ మొదటి సెంటర్ టీచర్ ఫోన్ చేసింది. పెట్టె విప్పారట. మొదటి రోజు ఒకటే కొట్లాట, వంటగిన్నెల సెట్టు కోసం ఇద్దరు జుట్టు పట్టుకున్నారట. ఎర్ర కారుకి ఒక చక్రం ఊడింది. "విజిట్ బుక్‌ల రాయమంటరా మేడమ్?" అని అడిగింది. రాయమన్నాను, ఏ పిల్ల ఊడగొట్టిందో కాదు, చక్రం ఊడాక ఆ కారుతో పిల్లలు ఏం ఆడారో రాయమన్నాను. "మూడు చక్రాలది ఆటో అంటున్నరు మేడమ్" అన్నది.